మూడు క్యాసెట్ల సినిమా

మొన్న పొద్దున కాఫీ తాగుతూ పేపరు చూస్తుంటే సినిమా పేజీలో ఒక వార్త కనబడింది. ఏదో కొత్త సినిమాకు ప్రేమ పాటలు ఒక ఆల్బమ్‌గా, చిందులేసే పాటలు ఇంకొకటిగా, భక్తి పాటలు వేరేగా విడుదల చేస్తారట. ఇంతవరకు ఇలా ఎవరూ చేయలేదట. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి పేపర్లో ప్రతి ముక్కా నమ్ముతాను. ఇదొక్కటి మాత్రం నమ్మలేదు. ఎనభైల్లో, చిత్తూరులో మా ఇంట్లోకి ఒక సినిమా అచ్చం అట్లాగే మూడు ముక్కలై వచ్చింది.

మా మామకు, అంటే మా ఆయన నాన్నకు, సినిమా పిచ్చి. బజారులో స్టీలు సామాన్ల అంగడి ఆయనది. బేరానికి వచ్చినవాళ్ళ చేతిలో చెంబు పెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి మ్యాట్నీకి పోయేవాడట. అరవ సినిమా అయినా సరే, నగరి దాకా బస్సెక్కి పోయి చూసేవాడు. చూసి చూసి మా అత్త ఒకరోజు ఆయన్ను కాణిపాకం తీసుకుపోయింది. ఆ వినాయకుడి ముందు ప్రమాణం చేసి మాట తప్పే ధైర్యం మా వైపు ఎవరికీ ఉండదు. తడిబట్టలతో నిలబడి మామ, ఇంక సినిమా చూడనని, సినిమా అనేది తన ఇంటి గడప తొక్కదని ప్రమాణం చేశాడు. పోయేదాకా నిలబెట్టుకున్నాడు. ఆయన పోయాక అత్త ఆ మాటను ఇంకా గట్టిగా పట్టుకుంది. నేనేమో పలమనేరు పిల్లను, టూరింగు టాకీసులో నేలమీద కూర్చుని సినిమాలు చూసి పెరిగినదాన్ని. కాపురానికి వచ్చాక పోస్టర్ల వైపు ఓరకంట చూడటమే మిగిలింది.

అలాంటి ఇంట్లోకి మా ఆయన ఒక టేపురికార్డరు తెచ్చాడు, దాంతోపాటు ఒక క్యాసెట్టు. పసుపు రంగు అట్ట, మీద వినాయకుడి బొమ్మ. పాటలన్నీ దేవుడివే. అత్తకు గానీ నాకు గానీ చదువు రాదు, బొమ్మ చాలనుకున్నాం. మొదటి పాట అత్తకు ప్రాణమైపోయింది. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, టేపురికార్డరుకు కూడా ఇంత కుంకుమ పెట్టి మీట నొక్కేది. ఆ పాట అయ్యేదాకా పాలు పొంగిపోయినా పలికేది కాదు. మామ పోయినప్పటి నుంచి అవసరానికి తప్ప నోరు తెరవని మనిషి, ఆ పాట వెంట సన్నగా కూనిరాగం తీస్తుంటే నేను వంటింట్లో గరిటె పక్కన పెట్టి వినేదాన్ని.

మా పక్కింట్లో ఒక దర్జీ కుటుంబం ఉండేది. ఆయన భార్యను నేను ఖాలా అనేదాన్ని, వాళ్ళ మాటలో పిన్ని అని. ఒకరోజు ఆమె సేమ్యా పాయసం గిన్నె పట్టుకుని వచ్చి, పాట విని గడపలోనే ఆగిపోయింది.

"అక్కా, ఈ గొంతు మా ఇంట్లో ఉండే క్యాసెట్టులోది గదా?"

"మీ ఇంట్లో వినాయకుడి పాటలు యాడివి మే?" అంది అత్త నవ్వుతూ.

"వినాయకుడివి కాదక్కా, ప్రేమ పాటలు. ఉండు, తెస్తా."

తెచ్చింది. అట్ట మీద హీరో, హీరోయిన్. వెనక్కి తిప్పితే కింద వరసగా మూడు చిన్న బొమ్మలు. ఒకదాంట్లో వాళ్ళిద్దరూ, ఇంకోదాంట్లో డప్పు కొడుతూ ఎగిరే గుంపు, మూడోదాంట్లో మా పసుపు వినాయకుడు. ఒకే సినిమా పాటలను కంపెనీవాళ్ళు రకానికొక క్యాసెట్టుగా విడదీసి అమ్ముతున్నారు. అక్షరం రాకపోయినా సంగతి ముగ్గురికీ అర్థమైంది.

అత్త గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "మీ మామ మాట నేనే పోగొట్టినాను గదే. అదీ దీపం పెట్టి మరీ."

సాయంత్రం మా ఆయన్ను నిలదీసింది. "సదువుకున్నోడివి గదరా, దానిమీద ఏం రాసుండాదో సూడలేదా?"

"దేవుడి బొమ్మ సూసి తెచ్చినానమ్మా. దేవుణ్ణి కూడా అనుమానిస్తారా?" అన్నాడు. నాకైతే ఇప్పటికీ అనుమానమే. తండ్రి పిచ్చి కొంచెమైనా కొడుక్కి రాకుండా ఉంటుందా?

టేపురికార్డరు మీద గుడ్డ కప్పేసింది అత్త. పొద్దుటిపూట ఇల్లు బోసిపోయింది. ఆమె మళ్ళీ మూగదైపోయింది. నాలుగు రోజులు చూసి, నన్ను వెంటబెట్టుకుని కాణిపాకం బయలుదేరింది. సంచిలో టెంకాయ, కర్పూరంతోపాటు ఆ క్యాసెట్టు కూడా ఉంది. "హుండీలో ఏసేస్తా. తప్పయిందని దండం పెట్టుకుంటా" అంది.

గుడి వీధిలోకి తిరిగామో లేదో, మైకులో అదే పాట. అత్త కాళ్ళు నిలిచిపోయాయి. పక్కన పూలమ్మే ఆమెను మెల్లగా అడిగింది. "యామ్మా, ఇది సినిమా పాట గదా?"

"సినిమాదో నాటకందో నాకేం తెలుసత్తా? పొద్దున్నించి ఇదే తిరగతా ఉండాది. సామి వద్దన్లేదు, నడమ నీకేంది? మూర పూలు తీసుకో."

అత్త ఆమె వైపు చూసింది, గుడి వైపు చూసింది. నా భుజం పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. దర్శనంలో పదిమందీ తిరిగి చూసేలా, "నువ్వూ ఈ పాట వింటా ఉంటే నాకొక మాట సెప్పకూడదా సామీ?" అని అడిగేసింది. క్యాసెట్టు హుండీలో పడలేదు.

తిరుగు బస్సులో క్యాసెట్టు సంచిలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మీ మామ ఉంటే ఈ పాట సినిమాలో యాడొస్తుందో సూసొచ్చి సెప్పేవాడు. నేనే కట్టేస్తిని ఆయన్ని." నా వైపు తిరిగింది. "ప్రమాణం సేసింది ఆయన, సేయించింది నేను. నువ్వు సెయ్యలేదు గదే. ఖాలాతో పోయి సూసిరా."

"గడప తొక్కదన్నాడు గదత్తా మామ?"

"తొక్కేసింది గదే. తొక్కినా సామి ఏమన్లేదు గదా."

ఎన్నో ఏళ్ళ తర్వాత థియేటర్లో కూర్చున్నాను. తీరా చూస్తే, పోలీసులకు భయపడి వినాయకుడి పందిట్లో దాక్కున్న దొంగ భజనలో కలిసి పాడేది మా అత్త పాట. అదీ ఒక్క చరణమే. మా క్యాసెట్టులోని మిగతా పాటలు కోసేశారో ఏమో, సినిమాలో లేనే లేవు. ఈ సంగతి అత్తకు ఎలా చెప్పాలా అని దారంతా దిగులు.

"దొంగా?" అంది అత్త. "బాగా పాడినాడా?"

"ఏడ్సుకుంటా పాడినాడత్తా."

"అట్లయితే కడాకు మంచోడయ్యుంటాడే."

"అయినాడు."

"నేను సెప్పలే!" అని లేచిపోయి టేపురికార్డరు మీది గుడ్డ తీసేసింది.

ఆ తర్వాత ఖాలా దగ్గరి ప్రేమ పాటలు మా ఇంటికి, మా వినాయకుడు వాళ్ళింటికి వస్తూ పోతూ ఉండేవి. డప్పు పాటల క్యాసెట్టు మా ఆయన తానే తెచ్చాడు, ఈసారి బొమ్మ సాకు చెప్పకుండా. అత్త మాత్రం చివరిదాకా థియేటరు గడప తొక్కలేదు. నేను చూసొచ్చి చెప్పాలి, ఆమె కూరగాయలు తరుగుతూ వినాలి. కథ నచ్చకపోతే ముగింపు ఆమే మార్చేసేది. కాలం మారిందని అందరూ ఏదో ఒక్కరోజులో జరిగినట్టు చెబుతారు గానీ, మా ఇంటికి వచ్చినప్పుడు అది చాలా మర్యాదగా వచ్చింది. ముందు దేవుణ్ణి లోపలికి పంపి, ఆయన వెనకే మెల్లగా తానూ అడుగుపెట్టింది.