పెద్దసారు ముందు పెట్టిన అల్లం

ప్రభువా, నీకు స్తోత్రం. మట్టి కింద దుంప ఊరడం చూసేవాడివి నువ్వే, దాన్ని తవ్వే చేతుల పగుళ్లు చూసేవాడివీ నువ్వే. మా ఇంటి మీదికి నువ్వు రానిచ్చిన ఒక కష్టకాలం గురించి రాయబోతున్నాను. నా నోట అబద్ధం రానియ్యకు.

డెబ్బైల దశకం ముగుస్తున్న రోజులవి. జహీరాబాద్‌లో మా ఆయనకు అల్లం అడ్తి దుకాణం ఉండేది. రైతులు తెచ్చిన అల్లం కమీషన్ మీద బొంబాయి లారీలకు ఎక్కించేవాడు. ఆయన చర్చిలో పెద్ద, వర్తక సంఘానికి కార్యదర్శి. లారీ రాష్ట్ర సరిహద్దు దాటాలంటే పర్మిట్ కావాలి. అది సంగారెడ్డి కచేరీలోనే ఇచ్చేవాళ్లు. సంతకం ఎప్పుడవుతుందో ఎవరికీ తెలియదు. పచ్చి అల్లం అంతవరకు ఆగదు.

పర్మిట్ మా ఊళ్లోనే ఇవ్వండి, లేదా ఆ పద్ధతే ఎత్తేయండి అని సంఘం ఏళ్ల తరబడి అడుగుతోంది. కొందరు దుకాణాలు మూసి రోడ్డు మీద కూర్చుందామన్నారు. మా ఆయన ఒప్పుకోలేదు. "సర్కారుతోటి కొట్లాడి ఏం చేస్తం? కూసొని మాట్లాడుదాం. వాళ్లు కూడ మనుషులే" అనేవాడు. హైదరాబాద్‌కు తిరిగి తిరిగి, చివరికి ఒక పెద్ద అధికారిని ఊరికి వచ్చి చూసేలా ఒప్పించాడు. ఆ సారు నష్టం కళ్లారా చూస్తే పర్మిట్ ఇక్కడే ఇప్పించేలా రాస్తానన్నాడట.

ఆ సంతోషంలో మా ఆయన కోహీర్ వైపు, మొగుడంపల్లి వైపు పోయి రైతులతో చెప్పాడు: "తవ్వుకొని తెండ్రి. సారు రాంగనే పర్మిట్లు ఇక్కడ్నే దొరుకుతయ్. నా మాట నమ్మున్రి."

నమ్మారు. బండ్లు వచ్చాయి. మా అడ్తి నిండిపోయింది. సారు మాత్రం రాలేదు. ఇవాళ, రేపు అంటుండగానే మబ్బు పట్టి వాన పడింది. తడిసిన బస్తాల్లో చెయ్యి పెడితే జ్వరం వచ్చిన పిల్ల ఒళ్లులా కాలేది. వాసన వీధి చివరిదాకా వచ్చేది. మా ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు.

చివరికి సారు వస్తున్నాడని కబురు వచ్చింది. సంఘం అధ్యక్షుడు పొద్దున్నే దిగాడు. బీదరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన లింగాయతుల పెద్దమనిషి, నుదుటి నిండా విభూతి. మా ఆయన అందర్నీ నిలబెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు.

"ఓ పాదిరీ, జర జల్ది కానియ్యి. నువ్వు ఆమెన్ అనేవరకు అల్లానికి మొలకలొస్తయ్" అన్నాడు అధ్యక్షుడు. హమాలీలు కిసకిసా నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ సీజన్‌లో ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

తర్వాత చేసింది ఎవరూ ఎవరికీ చెప్పి చేయించింది కాదు. కోత పండుగకు బలిపీఠం ముందు మచ్చలేని పంటనే పెట్టాలని మాకు చిన్ననాటి నుంచి నేర్పారు. దేవునికి కుంటిదీ గుడ్డిదీ తేవద్దని లేఖనంలో చదువుకున్నవాళ్లం. అధ్యక్షుడి ఇంట్లో కూడా వచ్చినవాళ్లకు మంచిదే పెడతారు. అందుకని కుళ్లిన బస్తాలన్నీ వెనక గోడ దగ్గరికి మోసి, లారీలకు కట్టే తాడిపత్రి కప్పారు. వాకిలి ఊడ్చి నీళ్లు చల్లారు. ఊదుబత్తీలు వెలిగించారు. ఆడవాళ్లం కూర్చుని, వేళ్లు విచ్చుకున్న చెయ్యి లాంటి దుంపలు ఏరి, మట్టి పోయేలా కడిగి గంపలో పేర్చాం. దాని చుట్టూ బంతిపూలు కూడా పెట్టాం.

సారు జీపు దిగాడు. దండ వేయించుకున్నాడు. గంపలోంచి ఒక దుంప తీసి విరిచి వాసన చూశాడు.

"చాలా బాగుందండీ. మరి అర్జీలో కుళ్లిపోతోందని రాశారే?"

మా ఆయన చూపు వెనక గోడ వైపు పోయింది. అధ్యక్షుడు మాత్రం ఉత్సాహంగా, "ఉంది సార్, కుళ్లింది బీ ఉంది! వెనకల పెట్టినం, రాండ్రి!" అని ముందు నడిచి తాడిపత్రి లాగాడు.

ఆ గోడ పొడవునా బస్తాలు. సారు వాటిని చూశాడు, మమ్మల్ని చూశాడు.

"ఇంత సరుకు కప్పి దాచారా? ధర పెరగాలని ఆపుకుని, నెపం పర్మిట్ మీద వేస్తున్నారా?"

"లేదు సార్, మీరు వస్తున్నరని సాఫ్ చేసినం..." అన్నాడు మా ఆయన.

"సాఫ్ చేసేవాళ్లు పారేస్తారు గానీ కప్పి పెట్టరు" అన్నాడు సారు. టీ తాగకుండానే జీపెక్కాడు.

కోహీర్ నుంచి వచ్చిన రైతు ఒకాయన బస్తా మీద కూర్చుండిపోయాడు. "అన్నా, నీ మాట మీద తవ్వినం గదనే. ఇప్పుడు మేమెట్ల చెయ్యాలె?" తిట్టలేదు. తిడితే బాగుండేది. మా ఆయన ఆ రైతు కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. మర్నాడు ఆ అల్లమంతా బొంబాయి రోడ్డు పక్క గుంటలో పారబోశారు.

ఆదివారం చర్చిలో ప్రార్థన చేయమంటే మా ఆయన లేచి నిలబడి, నోరు తెరిచి, మాట రాక కూర్చున్నాడు. చివరి వరుసలోకి మారాడు. అయినా హైదరాబాద్ బస్సెక్కడం మానలేదు. సంఘంలో పాతవాళ్లు విసిగి మానుకున్నా, ఆయన కచేరీ వరండాల్లో నిలబడుతూనే వచ్చాడు.

ఎనభైల్లో పర్మిట్లు మా ఊళ్లోనే ఇవ్వడం మొదలైంది. ఆ కబురు చెప్పడానికి ఆయన కోహీర్ పోయాడు. ఆ రైతు భూమి అప్పటికే చెయ్యి మారింది. ఇంటికి తాళం. ఎటు పోయారో పక్కింటివాళ్లకూ తెలియదు. మా ఆయన తిరిగొచ్చి, చెప్పులు విడవకుండానే గడప మీద కూర్చుని ఏడ్చాడు. గెలిచామని సంఘంవాళ్లు ఇంటికి మిఠాయి పంపితే నేను డబ్బా మూత తీయలేదు.

ఆ కుటుంబం ఎక్కడుందో నాకిప్పటికీ తెలియదు. దేవునికి తెలుసు. ఇది చదువుతున్నవారు ఒక్క నిమిషం నాతో తల వంచండి. తండ్రీ, మా మాట నమ్మి పంట తవ్వుకున్న ఆ ఇంటివాళ్లు ఎక్కడున్నా వాళ్ల కంచంలో అన్నం ఉండనియ్యి. ఆమెన్ అని మీరు కూడా అనండి.