సున్నాలన్నీ దిద్దిన రోజు

ఎవరి మీదా కోపం లేకుండా, పూర్తిగా మంచి మనసుతో, ఒక్క పూటలో మా అమ్మాయి మూడేళ్ల చదువును గోదాట్లో కలపబోయిన మనిషిని నేను. ఆ సంగతి చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. మా చుట్టాల్లో ఎక్కడ నలుగురు చేరినా, సరిగ్గా విస్తరి ముందు కూర్చునేసరికి, "పిన్నీ, ఆ కంప్యూటర్ సంగతి చెప్పవా" అంటారు. చెప్పేలోపు పప్పు చల్లారిపోతుంది. అందుకే కాగితం మీద పెట్టేస్తున్నాను. ఇకనుంచి అడిగినవాళ్ల చేతికి ఇది ఇచ్చి నా అన్నం నేను తింటాను.

మాది కొవ్వూరులో బియ్యం కొట్టు. నలభై దాటాక సాయంత్రం బడిలో పలక పట్టి అక్షరాలు నేర్చుకున్నాను. ఆలస్యంగా చదువు వచ్చినవాళ్లకి ఒక జబ్బు ఉంటుందండి. కనబడిందల్లా పైనుంచి కిందిదాకా చదవాలి. బిస్కెట్ల పొట్లం కొంటే దాని మీద ఉన్నదంతా, ఫ్యాక్టరీ పిన్‌కోడుతో సహా, చదివితే గానీ విప్పనిచ్చేదాన్ని కాదు. మావారు చూసి చూసి ఒట్టి టీ తాగేసి లేచిపోయేవారు. తెలుగు అయ్యాక ఇంగ్లీషు అక్షరాలు మా అమ్మాయి శిరీష దగ్గర కూడబలుక్కున్నాను.

శిరీష అప్పుడు రాజమండ్రిలో ఎం.సి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతోంది. దాని ప్రాజెక్టు కోసం ఇంట్లో కంప్యూటర్ కొన్నాం. అందులో విండోస్ ఉండేది. బేరాలు లేని మధ్యాహ్నాలు నేను కూర్చుని అందులో పేకముక్కలు సర్దుకునేదాన్ని. కొన్నాళ్లకి, ప్రాజెక్టుకి కావాలంటూ, పక్కనే లైనక్స్ అనేదాన్ని కూడా ఎక్కించింది. ఒకే ఇంట్లో రెండు కాపురాలు.

"ఇప్పుడు స్విచ్చి వేస్తే ఏది లేస్తుందే?" అని అడిగాను.

"బూట్ లోడర్ అడుగుతుందమ్మా, దేంట్లోకి వెళ్తావని. నీకోసం విండోస్ పేరు తీసేసి అమ్మ అని పెట్టాను. అది చూసుకుని ఎంటర్ కొట్టు."

అంటే గుమ్మంలో నిలబడి, ఎవరికోసం వచ్చారని అడిగే మనిషన్నమాట. బాగానే ఉంది. కానీ ఆ మనిషికి బొత్తిగా ఓపిక లేదు. నల్లటి తెర మీద రెండు వరసలు చూపించి, పది సెకన్లు లెక్కపెట్టి, జవాబు రాకపోతే తనంతట తనే లైనక్స్‌లోకి తోసేసేది. నేను కళ్లజోడు తుడుచుకుని, పై వరస మొదలుపెట్టి, ఎల్, ఐ, ఎన్ దగ్గర ఉండగానే తోసేసేది. అక్కడ నా పేకముక్కలు ఎక్కడ ఉంటాయో నాకు తెలియదు. ఆపి, మళ్లీ వేసి, మళ్లీ తోయించుకునేదాన్ని. రోజూ ఇదే భాగోతం.

"పైది చదవడం ఎందుకమ్మా? కిందది నొక్కు."

"పైన ఏం రాసుందో చూడకుండా కింద ఎలా నొక్కుతానే? సంతకం పెట్టే ముందు అంతా చదువుకోమని నువ్వే కదా చెప్పావు."

ఆ పోరు పడలేక ఒక రోజు పొద్దున ఆ బూట్ లోడర్ ఫైలు తెరిచి నా ముందు పెట్టింది. మర్నాడు దాని వైవా. బయటి కాలేజీ నుంచి పరీక్షకుడు వస్తాడు, ప్రాజెక్టు చూపిస్తేనే డిగ్రీ. ఎవరి సంతకమో కావాలని ఇది హడావిడిగా బస్సుకి పోతోంది.

"ఇదిగో, టైమౌట్ పది అని ఉంది. నీకెంత కావాలో అంత వేసుకుని సేవ్ కొట్టు. మిగతావి ముట్టుకోకు."

"ముట్టుకుంటే ఏమవుతుంది?"

"ముట్టుకోవద్దన్నాను కదమ్మా. బస్సు వెళ్లిపోతుంది."

ఎందుకు ముట్టుకోకూడదో చెప్పలేదు. మీరే సాక్ష్యం.

పది చెరిపేశాను. వంద వేద్దామనుకున్నాను. ఆడపిల్ల చేతిలో పెట్టేటప్పుడు ఎవరైనా వంద పెడతారా అండి? నూటపదహారు వేశాను.

అక్కడితో లేచి ఉంటే ఈ గొడవే లేదు. నా జబ్బు నన్ను లేవనివ్వలేదు. ఫైలంతా చదివాను. ఎక్కడ చూసినా సున్నాలే. డిఫాల్ట్ సున్నా. హెచ్‌డి సున్నా, కామా, సున్నా. కింద మళ్లీ హెచ్‌డి సున్నా. నాకు గుండెల్లో రాయి పడింది. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మా నాన్న మొదటి కుంచాన్ని ఒకటి అని కూడా అనేవాడు కాదు, లాభం అనేవాడు. లాభం, రెండు, మూడు. మా కొట్లో బస్తాలు దింపినా నేను ఇవాళ్టికీ అలాగే లెక్కపెడతాను. అలాంటిది, తెల్లారితే వైవా పెట్టుకున్న పిల్ల, గుమ్మంలోనే సున్నాతో మొదలుపెడితే ఆ వచ్చే పరీక్షకుడు మాత్రం ఏం వేస్తాడు? పోనీలే, చిన్నపిల్ల, దానికేం తెలుసు. పెద్దవాళ్లం ఉన్నది దిద్దడానికే కదా.

ఒక్కొక్క సున్నా చెరిపి ఒకటి వేశాను. పిల్లకి దిష్టి తీసినంత తృప్తి కలిగింది. సేవ్ కొట్టి, కంప్యూటర్ ఆపేసి, బియ్యం లారీ వస్తే కొట్లోకి పోయాను.

మధ్యాహ్నం శిరీష వచ్చింది. ప్రాజెక్టును సీడీలోకి ఎక్కించుకుందామని కూర్చుంది.

"నూటపదహారేంటమ్మా?"

"కావలసినంత వేసుకోమన్నావు కదా."

నవ్వింది. ఆ రోజుకి అదే ఆఖరి నవ్వు. లైనక్స్ నొక్కితే ఇంగ్లీషులో ఏదో వచ్చి ఆగిపోయింది. అమ్మ అన్నది నొక్కినా అదే వచ్చింది. దాని మొహం పాలిష్ పట్టిన బియ్యంలా తెల్లబడింది.

"డిస్కు లేదంటుందమ్మా."

"ఎక్కడికి పోతుందే? పొద్దున్నించీ నేను ఇక్కడే ఉన్నాను, ఇంట్లోకి ఎవరూ రాలేదు."

"హార్డ్ డిస్కు పోయినట్టుంది. ప్రాజెక్టంతా అందులోనే ఉంది."

"ఇంకో కాపీ లేదా?"

"ఇవాళ చేద్దామనుకున్నాను."

మావారు వచ్చి, ప్లగ్గు సరిగ్గా పెట్టారా అని అడిగి, కూతురు చూసిన చూపుకి వచ్చిన దారినే వెళ్లిపోయారు.

సీపీయూని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని రాజమండ్రి బస్సెక్కాను. పక్క సీటావిడ "ఒంట్లో బాలేదా అండి, పాపం" అని దుప్పటి తొలగించబోయింది. "బాలేదండి, గాలి తగలనివ్వకండి" అన్నాను. వంతెన పొడుగునా శిరీష కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది. నేను ధైర్యం చెబుతూనే ఉన్నాను. "నీకేం కాదే. పొద్దున నేను అంతా మంచే చేసిపెట్టాను." ఆ మాట దాని చెవిన పడలేదు. పడుంటే వంతెన మీదే తేలిపోయేది.

రిపేరు షాపు ప్రసాదు వైర్లు తగిలించి స్విచ్చి వేశాడు. నూటపదహారు నుంచి కిందికి లెక్క మొదలైంది.

"ఇంతసేపు ఎవరు పెట్టారండి?"

"నేనే, బాబూ."

"దేనికండి?"

"శుభమని."

అతను రెండు వరసలూ నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. "మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కిస్తే డిస్కు పనిచేస్తే చెయ్యొచ్చండి. లోపల ఉన్నవి మాత్రం ఉండవు. తుడిచెయ్యమంటారా?"

శిరీష "తుడిచెయ్యండి. గుర్తున్నంతవరకు కూర్చుని మళ్లీ రాసుకుంటాను" అంది. ఏడాది కష్టం అది.

ప్రసాదు సీడీ లోపలికి తోశాడు. అప్పుడు, పిల్లకి మళ్లీ కీడు జరక్కూడదని, నేనొక మాట అన్నాను.

"చూడు బాబూ, ఈసారి ఎక్కించేటప్పుడు ఆ సున్నాలు మాత్రం పెట్టకు."

శిరీష నెమ్మదిగా నావైపు తిరిగింది. "ఏ సున్నాలమ్మా?"

"అవేనే, పొద్దున నేను తీసేసినవి."

"ఎన్ని తీశావు?"

"ఒక్కటి కూడా మిగల్చలేదు."

"వాటి బదులు ఏం పెట్టావు?"

"అన్నిటికీ ఒకటి పెట్టాను. మంచిదని."

అది ప్రసాదు చేతిని కీబోర్డు మీంచి ఎత్తి పక్కన పెట్టింది. సీడీ బయటికి లాగింది. మళ్లీ స్విచ్చి వేసి, ఆ నల్లటి తెర మీదే ఏదో అక్షరం నొక్కితే నేను దిద్దిన వరసలు వచ్చాయి. కంప్యూటర్ తన మొదటి డిస్కుని సున్నా అంటుందట. ఒకటి అంటే రెండో డిస్కట. మాకున్నది ఒక్కటే. లేని డిస్కుని వెతుక్కు రమ్మని నేను పంపిస్తే, పాపం, అది వెతికి లేదనే చెప్పింది. ఉండవలసిన చోట సున్నాలు పెట్టగానే ప్రాజెక్టు ఎక్కడిదక్కడే ఉండి కనిపించింది.

"అమ్మగారండీ, మీరు ఆ మాట ఇంకో నిమిషం ఆగి అనుంటే..." అని ప్రసాదు పూర్తి చెయ్యకుండా నాకు కుర్చీ తెచ్చి వేశాడు. కూర్చున్నాను.

తిరుగు బస్సులో శిరీష ఏడవలేదు. సీపీయూని తన ఒళ్లోనే పెట్టుకుని నన్ను ముట్టుకోనివ్వలేదు. ఏడుపే నయమనిపించింది.

మర్నాడు తోడు వెళ్లి ల్యాబు బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తీసే ఉంది. పరీక్షకుడు ఏం అడిగినా పిల్ల తడుముకోకుండా చెప్పింది. ఆఖర్న ఆయన, "మీ సిస్టమ్‌లో సెట్టింగులు ఎవరూ మార్చకుండా ఏం ఏర్పాటు చేశారమ్మా?" అన్నాడు.

"పాస్‌వర్డ్ పెట్టానండి."

"ఎప్పుడు?"

"నిన్ననేనండి."

"ఏడాది ప్రాజెక్టు కదా. నిన్నటిదాకా ఎందుకు పెట్టలేదు?"

"నిన్నటిదాకా బయటివాళ్ల గురించే భయపడ్డానండి."

సంగతేంటని అడిగి, అంతా చెప్పించుకుని, ఆయన ఎంత నవ్వాడంటే అటెండరు పరిగెత్తుకొచ్చి మంచినీళ్లిచ్చాడు. మార్కులు మాత్రం దండిగా వేశాడు.

కాబట్టి ఇది చదువుతున్న మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఒంట్లో ఊపిరున్నంతవరకు ఏ బూట్ లోడర్ జోలికీ పోను. అందులో శుభమూ వెతకను, అశుభమూ వెతకను. ఈవిడ మాట మీద నిలబడుతుందా అని మీకు అనుమానం అక్కర్లేదు. ఆ పాస్‌వర్డ్ ఏంటో శిరీష నాకు ఇప్పటిదాకా చెప్పలేదు. అడిగి చూశాను.