నూనె డబ్బా కవచం

అయిజలో మిర్చి బజ్జీల బండి నడిపే గౌస్ పాషా దగ్గర నూనె డబ్బా ఖాళీ కావడమే తరువాయి, భార్య అజీజున్నీసా ఎత్తుకుపోతుంది. గోనె సంచులు కుట్టే ఆమెకు నాటకాలంటే ప్రాణం. ఇరవై ఏళ్లుగా కురుమూర్తి బృందంలో తెర వెనక నిలబడి వేషగాళ్లకు ఆభరణాల తాళ్లు కడుతోంది. కర్నూలు నుంచి అద్దెకొచ్చే కవచాల చిరుగులు చూసి చూసి, ఇంతకంటే నేను బాగా చేయనా అని ఒకనాడు కురుమూర్తినే అడిగేసింది. ఆయన సరేనన్నాడు గానీ షరతు పెట్టాడు. ముందు రాజు వేషానికి ఒక్కటి చేయాలి. అది జనం ముందు నిలిస్తే మిగతా ఏడు వేషాలకూ ఆమే చేయాలి, నిలవకపోతే మళ్లీ ఆ మాట ఎత్తకూడదు.

ఇక ఆమెకు కాలు నిలవలేదు. డబ్బా రేకు కత్తిరించి, పైనున్న రంగు బొమ్మలు పోయి వెండిలా మెరిసేదాకా ఇసుకతో తోమింది. సోడా మూతలు సాగగొట్టి భుజాలకు కుట్టింది. గద్వాల మగ్గాల దగ్గర పారేసే జరీ పోగులు అంచుకు వేలాడదీసింది. రేకు గీసుకోకుండా లోపల పాత జీన్స్ గుడ్డ వేసింది. ముందు భాగం తోమేసరికే అరచేతులు బొబ్బలెక్కాయి. రాజు వీపు ఎవరు చూడొచ్చారులే అని వెనకవైపు వదిలేసింది.

అక్కడే కొంప మునిగింది. కురుమూర్తి నాటకాల్లో రాజు జనానికి వీపు పెట్టే ప్రవేశిస్తాడు. రెండు చుట్లు ఆడాకే ముఖం తిప్పుతాడు. తెర వెనక నిలబడే పిచ్చితల్లికి ఇన్నేళ్లూ ఆ ముఖమే కనబడేది. అటు జనం చూసేది వీపని ఎన్నడూ తోచలేదు.

రాజు వేషం కట్టిన మల్లేశ్ గజ్జెలు ఘల్లుమనిపిస్తూ వచ్చాడు. ముందు అడ్డంగా పట్టిన తెర దించగానే వీపు మీద ఇంత పొద్దుతిరుగుడు పువ్వు, దాని కింద ‘పదిహేను కిలోలు’ అన్న అక్షరాలు. జనం గొల్లుమన్నారు. అజీజున్నీసాకు తల కొట్టేసినట్టయింది. ఏడు వేషాలూ గంగలో కలిశాయనుకుంది.

హాస్యగాడి వేషంలో ఉన్న కురుమూర్తి రాజు చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఆ పువ్వు మీద తట్టి తాపీగా అడిగాడు.

“మారాజా, మనం పోయేది యుద్ధానికా, పెండ్లి వంటకా?”

మల్లేశ్ మాత్రం తక్కువ తిన్నాడా?

“ముందుగాల సైన్యానికి బజ్జీలెయ్యాలె. కడుపు నిండినంకనే కొట్లాట.”

జనం వదిలితేనా! మూడుసార్లు వీపు తిప్పించుకున్నారు. అన్ని గెంతులకూ కవచం కుట్టు విడలేదు, మూత రాలలేదు.

నాటకం అయ్యాక కురుమూర్తి వచ్చి కవచాన్ని అటూ ఇటూ లాగి చూశాడు.

“తక్కిన ఏడు గూడ నువ్వే చెయ్యి బిడ్డా. జర ఎనుకదిక్కు గూడ తోము.”

అజీజున్నీసా నవ్వబోయి ఏడ్చేసింది, ఏడుస్తూనే నవ్వింది. ఆ సంతోషం ఆమెకు ఒంట్లో పట్టలేదు.

ఏడు కవచాలకు ఏడు డబ్బాలు కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే, అదీ మూత తీయనిది. సాయంత్రం గానీ బండి కదిలించని మొగుణ్ని మర్నాడు పొద్దున్నే లేపి బయటికి తోలింది. ఈ వేళప్పుడు బజ్జీలు ఎవరు తింటారని గౌస్ పాషా మొత్తుకుంటే, ఎవరూ రాకపోతే అన్నీ తానే తింటానంది. అప్పటికే కత్తెర పట్టుకుని, బండి పక్కన పీట వేసుకుని కూర్చుంది.