మీరే చెప్పండి ఆంటీ

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. అమెరికాలో, శాంటా క్లారాలో మా అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా పైన ఒక నల్లజాతి కుటుంబం ఉండేది. వాళ్ళమ్మాయి, నేను ఒకే క్లాసు. కొన్ని ఆదివారాలు నన్ను వాళ్ళ చర్చికి తీసుకెళ్ళేవాళ్ళు. నీ దేవుడెవరని అక్కడ నన్ను ఎవరూ అడగలేదు.

అందుకే ఆ ఏడు వినాయక చవితికి తనని మా ఇంటికి పిలిచాను. టీవీని ఓ మూలకి జరిపి, ఆ చోట వినాయకుణ్ణి పెట్టాం. పత్రి దొరక్క, పార్కింగ్ వెనక పెరిగిన ఆకులే అమ్మ కోసుకొచ్చింది. నాలుగు తెలుగు కుటుంబాలు వచ్చాయి. నా స్నేహితురాలు చెప్పులు బయట విడిచి, నేను చెప్పినట్టే కాళ్ళు కడుక్కుని నా పక్కన కూర్చుంది. తను అక్షింతలు తీసుకోబోతుంటే, నాన్నతో పనిచేసే ఒకాయన భార్య అమ్మతో తెలుగులో అంది: "ఆ నల్లపిల్లని దేవుడి దగ్గర కూర్చోబెట్టారేంటండీ? వెనక్కి జరగమనండి."

తనకి మాటలు అర్థం కాలేదు గానీ ఆ చూపు అర్థమైంది. ఆవిడ ఏమంటోందని నా చెవిలో అడిగింది.

స్కూల్లో అమ్మ బొట్టుని చూసి పిల్లలన్న మాటలు నేనెప్పుడూ ఇంట్లో చెప్పలేదు. ఇటు మాటలు అటు తెలియకుండా దాచే పని ఎప్పుడూ నాదే. ఆ రోజు మాత్రం ఆ పని చెయ్యదల్చుకోలేదు.

"ఆంటీ, మీరేం అన్నారని తను అడుగుతోంది. మీరే చెప్పండి, ఇంగ్లీష్‌లో."

రోజంతా ఆఫీసులో ఇంగ్లీషే మాట్లాడే ఆవిడ, నాన్న వైపు తిరిగి "చూశారా మీ అమ్మాయిని" అని తెలుగులోనే అంది. నాన్న నన్ను లోపలికి పొమ్మన్నాడు. నేను కదల్లేదు.

"తను లేస్తే నేను కూడా లేస్తా."

అమ్మ అక్షింతలు ముందు నా స్నేహితురాలి చేతిలో, తర్వాత నా చేతిలో పెట్టి, కథ మొదలుపెట్టమని నాన్నతో చెప్పింది. ఆ దంపతులు భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయారు.

సాయంత్రం మెట్ల మీద కూర్చుని నా స్నేహితురాలికి ఆవిడన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. అలాంటిదేదో అయ్యుంటుందని అప్పుడే అనుకున్నానంది.

ఫోన్ చేసి ఆవిడకి సారీ చెప్పమని నాన్న వారం రోజులు వెంటపడ్డాడు. చెప్పలేదు. ఇప్పుడడిగినా చెప్పను.