సుద్ద మీద నిలిచిన నీళ్లు

కువైట్‌లో, మిష్రిఫ్‌లో నేను పనిచేసే ఇంటి పెరట్లో ఈమధ్య ఒక చెట్టు పక్కన గొయ్యి తవ్వుతుంటే ఒక వాసన వచ్చింది. తొలకరికి మట్టి ఇచ్చే కమ్మటి వాసన కాదు. నీళ్లు కదలకుండా నిలవుండి, వేళ్లు మురిగి, చీకట్లో పులిసిన తడి ఇసుక వాసన. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న దాన్ని, కత్తి చేతిలో పట్టుకునే బయటికి వచ్చేశాను.

ఇంటి యజమానురాల్ని మేము మామా అని పిలుస్తాం. మామా వాళ్లమ్మ నాటిన నిమ్మచెట్టు అది. ఆవిడ పోయాక మామా ఆ చెట్టు మీద ప్రాణం పెట్టుకుని రోజూ నీళ్లు పోయించింది. పోసేకొద్దీ ఆకులు పండుబారి రాలిపోయాయి. చుట్టుపక్కల తోటలు చూసే సత్తిబాబు గారిని పిలిపిస్తే, ఆ కోనసీమ మనిషి చెట్టు పక్కన తవ్వి చూసి నడుం మీద చేతులు వేసుకున్నారు.

"పైనంతా ఇసకేనండి. కింద రాయిలాగ గట్టిపడిపోయింది. పోసిన నీళ్లన్నీ దాని మీదే నిలబడిపోయి యేళ్లు కుళ్లిపోతన్నాయి. దానికో కన్నం ఎట్టేత్తే లాగేత్తదండి."

ఆ గట్టి పొరను ఇక్కడివాళ్లు గచ్ అంటారు. మా ఊళ్లో సుద్ద అనేవాళ్లం. ఆ వాసన కూడా నాకు కొత్త కాదు, మా బావి అడుగు బయటపడ్డ రోజు పీల్చాను.

మాది రాయచోటి వైపు ఒక చిన్న పల్లె. వంక ఒడ్డున మా చేను. ఏ కాలంలోనో వంక పొంగి పరిచిపోయిన ఇసుక మనిషి నిలువు లోతుండేది. దాని కింద తెల్లటి సుద్ద. గడ్డపార వేస్తే ఠంగుమని ఎగిరి మన ముఖం మీదికే వచ్చేది. నల్లరేగడి ఉన్న పక్క ఊరివాళ్లు మమ్మల్ని చూసి "ఇసుక తిని బతికేవాళ్లు" అని నవ్వేవాళ్లు. వాన పడితే వాళ్లు వారం రోజులు బురదలో కాలు పెట్టలేక గట్టు మీద కూర్చునేవాళ్లు, మేము మాత్రం మర్నాడే నాగలి కట్టేవాళ్లం. మా ఇసుక నీటిని గుక్కెడు కూడా పైన ఉంచుకోదు. వాన వెలిసేసరికి పైనంతా ఆరిపోయి, ఏమీ ఎరగనట్టు తెల్లగా పడి ఉండేది. మా అవ్వ మాత్రం చీర చెంగు నడుముకు దోపుకుని, గొంతుక్కూర్చుని, మోచేతి దాకా చెయ్యి ఇసుకలో దూర్చి, గుప్పెడు పైకి తీసి పిసికేది. ముద్ద నిలబడితే విత్తనం, రాలిపోతే మళ్లీ ఆకాశం వంక చూపు.

ఆ నేలలో బలం లేదు. వేసిన ఎరువు నీళ్లతో పాటే కిందికి దిగిపోయేది. అందుకని ఏటా వేసవిలో గొర్రెల మందను చేలో కట్టించి, కాపరులకు గింజలు కొలిచి, సంగటి ముద్దలు పెట్టి పంపేవాళ్లం. ఆ పదిరోజులూ గొర్రెపిల్లలతో పాటు మేమూ చేలోనే ఎగిరేవాళ్లం. ఆషాఢం గాలి లేస్తే ఇసుక పాములా నేలబారున పాకుతూ పోయి మొలకల్ని కప్పేసేది. అమ్మా నేనూ వంగి వంగి ఒక్కో మొలక మీది ఇసుకను వేళ్లతో తీసి దానికి ఊపిరాడేటట్టు చేసేవాళ్లం. ఎండాకాలం అదే ఇసుక అరికాళ్లను కాల్చేది, తువ్వాలు పరిచి ఒక అంగ, మళ్లీ తీసి పరిచి ఇంకో అంగ వేస్తూ ఇల్లు చేరేవాళ్లం.

కానీ శెనక్కాయ పీకే కాలం వచ్చిందంటే మా నేలకు సాటి లేదు. చెట్టును పట్టుకుని లాగితే చాలు, కాయలన్నీ కడిగినట్టు శుభ్రంగా బయటికి వచ్చేవి. పచ్చికాయలు ఉడకేసిన వాసన, కంపమంటలో ఇసుక కాల్చి అందులో వేయించిన కాయల వాసన, అవ్వ రోట్లో నూరే ఊరిబిండి పచ్చడి వాసన, అన్నీ కలిసి ఊరంతటికీ ఆకలి పుట్టించేవి. పిల్లలం ఇసుకను గట్టులా పొడుగ్గా పోసి, అందులో చిన్న పుల్ల దాచి, రెండు చేతులూ కలిపి మూసి, దొరికిందా లేదా అని కొట్టుకు చచ్చేవాళ్లం. ఓడినవాళ్ల దోసిట్లో ఇసుక పోసి, కళ్లు మూసి, ఎక్కడో వదిలేసి వచ్చేవాళ్లం.

ఇంత దాహం గల నేలలో పంట ఎలా నిలిచేదంటే, అదంతా సుద్ద పుణ్యం. పైనుంచి దిగిన వాననీళ్లు ఆ తెల్లటి పొర దగ్గర ఆగిపోయి, కంచంలో పోసినట్టు నిలబడి, ఇసుకలో నెమ్మదిగా పక్కకు నడిచి మా బావిలోకి ఊరేవి. ఆ బావికి లోతు లేదు. సుద్ద తగిలిన చోటే తవ్వకం ఆపేశారు. ఎండల్లో కూడా నడుం లోతు నీళ్లు, కొబ్బరినీళ్లంత తియ్యగా ఉండేవి. ఆ సంగతి ఇప్పుడు ఇంత తేలిగ్గా చెబుతున్నాను గానీ, అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నీళ్లు కిందినుంచి వస్తున్నాయనే అందరం అనుకునేవాళ్లం.

వరసగా వానలు తప్పిన ఏడు, పక్క ఊరి ఏజెంటు అమ్మకు కువైట్ ఇంటిపని వీసా ఉందని వచ్చాడు. పాస్‌పోర్టు అయింది, ఫొటోలు అయ్యాయి. అవ్వ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. నేను అమ్మ కొంగు వదలకుండా రెండు రోజులు బడి ఎగ్గొట్టాను. అప్పుడు అమ్మ నాన్నతో అందరి ముందూ ఒక మాట చెప్పింది.

"ఈ కారు శెనక్కాయకు నీళ్లు చాలితే నేను పోనయ్యా. చాలకపోతే నన్ను ఆపొద్దు."

నాన్న ఆ మాట పట్టుకున్నాడు. అమ్మను ఉంచుకోవాలంటే నీళ్లు పెంచాలి, నీళ్లు పెంచాలంటే బావి లోతు చేయాలి. కొబ్బరికాయతో నీళ్లు చూసే ఆయన్ను పిలిపించాడు. ఆయన అరచేతిలో కాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరిగాడు, సరిగ్గా బావి దగ్గరే అది నిటారుగా లేచి నిలబడింది. సుద్ద కింద గంగ పరిగెడుతోందని తేల్చి చెప్పాడు. అవ్వ దండం పెట్టింది. వద్దన్నవాళ్లు ఊళ్లో ఒక్కరు లేరు, నేనైతే ఇక అమ్మ ఎక్కడికీ పోదని వీధి వీధికీ తిరిగి చెప్పొచ్చాను.

తూటాలు పెట్టేవాళ్లు వచ్చి, నీళ్లు తోడి, సుద్దకు గుంతలు తొలిచి పేల్చారు. పొగ తగ్గేదాకా మమ్మల్ని దూరంగా నిలబెట్టారు. ఆ తర్వాత పరిగెత్తి వెళ్లి తొంగిచూస్తే, చుట్టూ ఇసుకలోంచి ఎప్పట్లాగే నీళ్లు దిగుతున్నాయి. దిగిన నీళ్లు నిలవడం లేదు. అడుగున పడిన నెర్రెలోకి గుటగుటమంటూ పోతున్నాయి. కింద గంగా లేదు, గౌరీ లేదు, ఎండిన గులకరాళ్లు ఎంత తాగినా తనివి తీరనట్టు తాగుతున్నాయి.

"పోతాండాయి! గోతాలు తేండి! మట్టి తేండి!" అని నాన్న బావిలోకి దూకాడు. గోతాలు కుక్కాడు, బంకమట్టి కుక్కాడు, ఒంటి మీది పంచె విప్పి అదీ కుక్కాడు. ఆ అడుగు వాసన పైదాకా వచ్చింది. అమ్మ గట్టు మీద ఖాళీ బిందెతో నిలబడి చాలాసేపు చూసింది.

"సాల్లే, పైకి రాయ్యా. గోడ ఇరిగి మీద పడుతుంది."

నాన్న తలెత్తి అమ్మ ముఖం చూసి, అక్కడే ఆ బురదలో కూర్చుండిపోయాడు. నెలలోపే చేను కింద తడి మొత్తం ఆ నెర్రెలోంచి దిగిపోయింది. శెనక్కాయ చెట్లు నిలువునా ఎండాయి. అమ్మ కువైట్ విమానం ఎక్కింది.

ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పనిచేసింది అమ్మ. రెండుసార్లు సెలవులకు వచ్చింది. మూడోసారి పెట్టెలో వచ్చింది, గుండె ఆగిపోయిందన్నారు. మా వాళ్లలో సొంత చేలో పూడ్చడం ఆచారం. గుంత తవ్వుతుంటే ఇసుక నిలబడలేదు. తడి ఉన్న రోజుల్లో గోడలా నిలిచే మా ఇసుక, తీసినకొద్దీ పక్కలనుంచి జారి మళ్లీ నిండిపోయింది. తవ్వేవాళ్లు అలిసి పారలు వదిలేస్తే, నాన్న ట్యాంకరు పిలిపించి, ఆ చేనుకు నీళ్లు పెట్టించాడు. తడిసిన ఇసుక కాసేపు నిలబడింది. ఆ కాసేపట్లోనే అమ్మను దించాం. ఆ రోజు నాన్న ఏడవలేదు, నాకు అదే ఎక్కువ భయమేసింది.

ఇప్పుడా చేను నిండా సర్కారు తుమ్మ. బావిలో సీసాలు, పాత చెప్పులు. మందలు కట్టేవాళ్లు లేరు, ఇసుకలో చెయ్యి పెట్టి పదును చూసే అవ్వ లేదు, నాన్నా లేడు. పుల్ల దాచే ఆట మా ఊరి పిల్లలకు తెలియదు. నేనూ అమ్మ వచ్చిన దారినే వచ్చాను. ముబారక్ అల్ కబీర్ ఇక్కడికి పెద్ద దూరమేమీ కాదు. మా డ్రైవర్ అటువైపు కారు తిప్పినప్పుడల్లా నేను తల వంచుకుని కూర్చుంటాను. ఏ ఇల్లో తెలుసుకోవాలని లేదు.

సత్తిబాబు గారు మిషన్ తెచ్చి గచ్‌కు కన్నం పెట్టారు. గుంతలో నిలిచిన నీళ్లు సుడి తిరిగి, గుటగుటమని దిగిపోయాయి. నేను గోడ పట్టుకున్నాను. నెల తిరిగేసరికి నిమ్మచెట్టు చిగురేసింది. మామా ఆ లేత ఆకొకటి నలిపి వాసన చూసి, కళ్లు తుడుచుకుని, నా వైపు తిరిగి అరబ్బీలో అడిగింది, మీ దేశంలో కూడా ఇలాగే చేస్తారా అని.

"ఒకసారి చేశాం, మామా" అన్నాను.

అంతకు మించి చెప్పడానికి నా అరబ్బీ చాలదు. చాలినా చెప్పేదాన్ని కాదు. ఆవిడ వాళ్లమ్మ చెట్టు బతికింది, ఆ సంతోషం ఆవిడకు ఉండనీ అనుకుని లోపలికి వెళ్లి, పొయ్యి మీద అన్నం చూసుకున్నాను.