రెండు లీటర్ల ఆయిల్

తియెప్‌కు కోపం వస్తే నోరు లేచేది కాదు, చేతిలోని గుడ్డ వేగంగా తిరిగేది. ఆ వానాకాలమంతా అతను ఇంజన్ తుడుస్తూనే ఉన్నాడు.

బియ్యం పడవ అతని బావ ఖోయ్‌ది. పద్దెనిమిదేళ్ళుగా ఇంజన్ బాధ్యత తియెప్‌దే. ఈమధ్య సా దెక్ నుంచి సైగాన్ చేరేసరికి ప్రతిసారీ రెండు లీటర్ల ఇంజన్ ఆయిల్ మాయమవుతోంది. ఒకరోజు మిల్లు రేవులో, బస్తాలు మోసేవాళ్ళ ముందే ఖోయ్ అనేశాడు.

"ఆయిల్‌కు కాళ్ళొచ్చి రేవు దిగి వెళ్తోందా? టెట్ పండగ దాకా చూస్తాను. ఆ తర్వాత ఇంజన్ ఇంకొకడు చూసుకుంటాడు."

"దొంగనంటున్నావా బావా?"

"నేనేమన్నాను? ఆయిల్ ఏమైందని అడిగాను."

బస్తాలవాళ్ళు నవ్వారు. తియెప్ ఆ పూటే ఆయిల్ పోసే మూతకు దారం చుట్టి, ముడి మీద మైనం పోసి, బావ చేత వేలిముద్ర వేయించాడు.

"అడుగున ఆయిల్ వదిలే బోల్టు లేదా ఏంటి?" అన్నాడు ఖోయ్.

తియెప్ బోల్టుకూ మైనం పూశాడు. ఇంజన్ కింద తెల్లకాగితాలు పరిచాడు. పొగగొట్టానికి గుడ్డ అడ్డం పెట్టి చూశాడు. కాగితాల మీద చుక్క లేదు, గుడ్డకు జిడ్డు లేదు. ఆయిల్ మాత్రం తగ్గింది. నది నీటితో ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ మీదికి అనుమానం పోయింది. కానీ అందులో గొట్టం చిల్లుపడితే నీరు కలిసి ఆయిల్ మజ్జిగలా తెల్లబడాలి కదా. తెల్లబడలేదు. దాన్ని వదిలేశాడు.

పౌర్ణమి నాడు పడవ వెనకాల అతని అక్క, ఖోయ్ భార్య హువే గొణుగుతోంది. పడవల మీద ఆడవాళ్ళందరిలాగే ఆమె కూడా, ఇంజన్‌ను చల్లబరిచి బయటికి దూకే గోరువెచ్చని నది నీటి ధార కిందే గిన్నెలు కడుగుతుంది.

"సబ్బు అరిగిపోతోంది గానీ ఈ జిడ్డు వదలదు!"

"పంది కొవ్వు మరి. గట్టిగా తోము," అన్నాడు ఖోయ్.

"ఇవాళ పౌర్ణమి, మాంసం ముట్టం కదయ్యా! పొద్దున్నుంచి గుమ్మడికాయ చారు, ఉడికించిన తోఫు. కొవ్వెక్కడిది, నీ ఒంట్లో తప్ప?"

తియెప్ చేతిలో గుడ్డ ఆగింది. గిన్నె అందుకుని వాసన చూశాడు. ధార కింద బకెట్ నింపి కదపకుండా ఉంచాడు. కాసేపటికి నీటి మీద రంగులు తేలాయి. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి నీటి ఒత్తిడి కంటే ఎక్కువ. చిల్లులోంచి నీరు లోపలికి రాలేదు, ఆయిలే నీటిలో కలిసి ధారతో బయటికి పోయింది. ఇన్నేళ్ళ పనివాడై ఉండీ తలకిందులుగా ఆలోచించాడు!

"లంగరు వెయ్యి బావా."

"రేపటికి సరుకు అందాలిరా!"

"నువ్వు వెయ్యకపోతే ఇంజన్ నేనే ఆపేస్తా."

కూలర్ విప్పి, గొట్టాల ఒక కొస మూసి, నీళ్ళ తొట్టిలో ముంచాడు. రెండో కొసకు సైకిల్ పంపు తగిలించి, పిడి బావ చేతికిచ్చాడు.

"నువ్వే కొట్టు."

ఖోయ్ కొట్టాడు. ఒక గొట్టం పక్క నుంచి బుడగల వరస లేచింది.

"మూడు నెలలుగా మనం తింటున్నది ఇదా!" హువే నోరు పుక్కిలించడానికి పరుగెత్తింది.

ఖోయ్ పంపు కింద పెట్టాడు. "ఆ రోజు రేవులో అన్న మాట..." అంటూ నసిగాడు.

"ఇక్కడ కాదు. అన్నచోటే, వాళ్ళ ముందే వెనక్కి తీసుకో. లేకపోతే టెట్ దాకా ఆగక్కర్లేదు, నేనే దిగిపోతా."

చిల్లుపడ్డ గొట్టాన్ని రెండు వైపులా మూసి, కూలర్ బిగించాడు. ఆ ప్రయాణంలో ఆయిల్ వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

మళ్ళీ మిల్లు రేవుకు చేరినప్పుడు ఖోయ్ పడవ అంచున నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఆయిల్ పోయింది కూలర్‌లో. తియెప్ తప్పేం లేదు."

"వినపడలేదు బావా," అన్నాడు తియెప్ ఇంజన్ గదిలోంచి.

ఖోయ్ ఈసారి అరిచి చెప్పాడు. బస్తాలవాళ్ళు అతణ్ణి చూసి నవ్వారు. తియెప్ పైకి వచ్చి, మొదటి బస్తా అందుకోవడానికి చేయి చాచాడు.