నల్ల తెర ముందు అన్న

మా స్టూడియో కంప్యూటర్ బాగుచేసే అన్న పోయిన నెల చనిపోయాడు. బంగారుపాళ్యంలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ లేవడం లేదని పిలిస్తే, పొద్దున్నే చిత్తూరు బస్టాండుకు వెళ్లాడు. బస్సు రాకముందే గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రికి చేర్చేలోపే అయిపోయింది. వదిన ఫోన్ చేసి "మీ అన్న లేడు మే" అని మాత్రం చెప్పింది. నేనప్పుడు ఒక పెళ్లి ఆల్బమ్‌లో పెళ్లికూతురి అత్తగారి ముఖం మీద మచ్చలు తీస్తున్నాను. ఫోన్ పెట్టేశాక ఏం చేయాలో తెలీక ఇంకో రెండు మచ్చలు తీశాను. ఆ తర్వాత కంప్యూటర్ ఆపి, కరెంటు మెయిన్ కట్టేసి, షట్టర్ దించి వెళ్లాను.

ఆయన నా తోడబుట్టినవాడు కాదు. పన్నెండేళ్ల కిందట చిత్తూరులో స్టూడియో పెట్టినప్పుడు, కంప్యూటర్ అమ్మినాయన "ఏదైనా అయితే ఈయన్ని పిలువమ్మా" అని చూపించిన మనిషి. మీలో మా ఊరివాళ్లు ఆయన్ని చూసే ఉంటారు. చొక్కా జేబులో స్క్రూడ్రైవర్, భుజాన గుడ్డ సంచి, సంచిలో ఉతికి మడతపెట్టిన తెల్ల తువ్వాలు. ఆ తువ్వాలుతో ఆయన ముఖం తుడుచుకోగా నేను ఎన్నడూ చూడలేదు. కంప్యూటర్ విప్పి తీసిన డిస్కులను దాని మీద వరసగా పెట్టేవాడు.

నా కంప్యూటర్‌లో నాలుగు డిస్కులు. ఫోటోలు నిండినప్పుడల్లా ఇంకోటి కొని తగిలించుకుంటూ పోయాను. వాటిలో ఒక్కటే కంప్యూటర్‌ను లేపేది, మిగిలిన మూడూ బరువు మోసేవి. కొన్నాళ్లకొకసారి అది లేచేది కాదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు నాలుగు వేసి నిలబడిపోయేది. నాకు ఓపిక తక్కువ. మీట నొక్కి ఆర్పేదాన్ని, మళ్లీ వేసేదాన్ని, మళ్లీ ఆర్పేదాన్ని. ఆఖరికి అన్నకు ఫోన్ చేసి, "డిస్కు పోయిందన్నా, అన్ని పెళ్లిళ్లూ పోయాయి" అని ఏడ్చేదాన్ని.

మొదటిసారి ఆయన వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఏం రాసుండాది పాపా?"

"ఏదో ఇంగ్లీషులో రాసుందన్నా."

"ఏదో గాదు, సదువు. దానికి తెలిసింది అది చెప్పతా ఉండాది. నువ్వు వినకుండా గొంతు మీద నొక్కతా ఉండావు."

చదివాను. బూట్ అయ్యే డిస్కు, అంటే కంప్యూటర్‌ను లేపేది, కనబడలేదనీ, అది పెట్టి ఏదో ఒక మీట నొక్కమనీ దాని సారాంశం.

"కనబళ్లేదని రాసుండాది. సెడిపోయిందని రాసుండాదా? రెండూ ఒకటేనా?"

ఆ అక్షరాలను నా కెమెరాతో ఫోటో తీయమన్నాడు. ఇంకో తూరి వస్తే పోల్చుకోవచ్చట. అప్పటినుంచి మాకది అలవాటైంది. కంప్యూటర్ లేవకపోతే ముందు ఫోటో, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్.

ఆయన పని చూస్తే నాకు చిరాకేసేది, అంత నిదానం. ప్లగ్గు పీకి కాసేపు ఊరికే కూర్చునేవాడు. నాలుగు డిస్కుల వైర్లూ తీసి, లేపేదాన్ని ఒక్కదాన్నే తగిలించి చూసేవాడు. అది లేస్తే మళ్లీ ఆపి రెండోది, మళ్లీ ఆపి మూడోది. అన్నీ ఒకేసారి పెట్టేస్తే ఒక పనైపోతుంది కదన్నా అంటే, "ఒకేసారి రెండు మార్చొద్దు పాపా. లేసినా ఎందుకు లేసిందో తెలీదు. మళ్లా పడుకుంటే ఏం జేస్తావు?" అనేవాడు. గాయాలకు వేసే ప్లాస్టర్ ముక్కలు అంటించి, డిస్కుల మీద బాల్‌పెన్నుతో పేర్లు రాశాడు. లేపేది. పెండ్లిండ్లు. బడులు. పాపది. ఆ నాలుగోది నా సొంత ఫోటోలది.

ఒకసారి నిజంగానే ఒక డిస్కు చెడిపోయింది. పలమనేరు వాళ్ల పెళ్లి మొత్తం అందులో ఉంది. అన్న నాలుగు రోజులు దాంతో కుస్తీ పట్టి, కాలేదన్నాడు. ఆ ఇంటికి వెళ్లి చెప్పడానికి నాకు కాళ్లు రాలేదు. నాకు తోడుగా ఆయన కూడా బస్సెక్కాడు. పెళ్లికూతురి నాయన ఎదుట అన్న లేచి నిలబడి, "పాప బాగానే తీసిందప్పా. నేనే బాగుసెయ్యలేకపోయినాను" అన్నాడు. నకలు తీసిపెట్టుకో అని ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పాడో నాకే తెలుసు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూడా ఆ ఊసు ఎత్తలేదు. కిటికీ పక్క సీటు నాకిచ్చి నిద్రపోయాడు. నేను చిత్తూరు దాకా ఏడుస్తూనే ఉన్నాను.

చనిపోవడానికి రెండు వారాల ముందు ఏదో పనిమీద ఇటు వచ్చి, తెర మూలన గడియారం చూశాడు. "టైము వెనకబడతా ఉండాది సూడు. లోపల బిళ్ళ బ్యాటరీ అయిపోవచ్చినట్టుండాది. మార్చల్ల" అన్నాడు. ఆల్బమ్ పని ఉంది, తర్వాత చూద్దామన్నాను. సరే పాపా అని వెళ్లిపోయాడు. ఆయనతో నేనన్న ఆఖరి మాట 'తర్వాత'.

సమాధి చేసిన మర్నాడు వదిన నా చేయి పట్టుకుంది. ఆదివారం చర్చిలో ఆయన జ్ఞాపకంగా ఆదరణ కూడిక, ఫ్లెక్సీకి ఫోటో కావాలంది. ఇంట్లో ఉన్నది నలభై ఏళ్ల కిందటి పెళ్లి ఫోటో. కెమెరా ఎత్తితే ముఖం తిప్పుకునే మనిషి ఆయన. పిల్లల ఫోన్లలో వెతికితే ఒక చెవి, ఒక భుజం దొరికాయి. "ఆధార్ కార్డులో ఉండేది ఆయన గాదు మే. ఎవురో దొంగ మాదిరి ఉండాడు. నీకాడ ఉంటాది గదా?" అంది. ఉంటుంది వదినా అన్నాను. పన్నెండేళ్లు నా పక్కన నిలబడిన మనిషి, ఒక్కటైనా ఉండదా అనుకున్నాను.

స్టూడియో మూసిన మూడు రోజులకు షట్టర్ ఎత్తి కంప్యూటర్ వేశాను. నల్ల తెర, తెల్ల అక్షరాలు.

చేయి ఫోన్ మీదికి పోయింది. ఆయన నంబరు నొక్కబోయి ఆగాను. అప్పుడు ఏడుపొచ్చింది, అప్పటిదాకా సరిగా రాలేదు. ఏడ్చాక ముఖం కడుక్కుని, తెర మీదున్నది పైకి చదివాను. ఫోటో తీశాను. ప్లగ్గు పీకి ఊరికే కూర్చున్నాను. నా చున్నీ పరిచి డిస్కులు దాని మీద పెట్టాను. 'లేపేది' ఒక్కటే తగిలిస్తే కంప్యూటర్ లేచింది. గడియారం ఎన్నో ఏళ్ల కిందటి జనవరి ఒకటి చూపిస్తోంది. మిగిలినవి తగిలిస్తే మళ్లీ నల్ల తెర. అప్పుడర్థమైంది. డిస్కులన్నీ బాగున్నాయి. మూడు రోజులు కరెంటు లేక, బిళ్ళలో బలం లేక, ముందు ఏ డిస్కును అడగాలో కంప్యూటర్ మరిచిపోయింది. గడియారాల అంగడిలో బిళ్ళ కొనుక్కొచ్చి మార్చాను. సెట్టింగుల్లోకి వెళ్లి 'లేపేది'ని మొదట పెట్టాను. లేచింది. ఎందుకు లేచిందో నాకు తెలుసు. చెబుదామంటే ఆయన లేడు.

వదిన వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరం మధ్యాహ్నమంతా వెతికాం. ఆయన ఎక్కడా లేడు. ఆఖరికి ఆ తెల్ల అక్షరాల ఫోటోలు తెరిచాను, ఊరికే. ఒకదాంట్లో అక్షరాల వెనక ఏదో మసగ్గా కనిపించింది. వెలుగు పెంచాను. నల్ల తెరలో నా కెమెరా, నా భుజం, ఆ భుజం మీదుగా వంగి అన్న ముఖం. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, పెదాలు కొంచెం తెరుచుకుని ఉన్నాడు.

"సదవతా ఉండాడు" అంది వదిన.

అక్షరాలు ఆయన చెంపల మీదుగా పోతున్నాయి. తీసేస్తాను వదినా, పావుగంట పని అన్నాను.

"వొద్దు మే. ఆ అచ్చరాలు లేకపోతే దేన్ని సూస్తా ఉండాడో తెలీదు."

ఫ్లెక్సీ అలాగే వేయించాం. ఆదివారం చర్చిలో ఒక పెద్దావిడ ఫ్లెక్సీ దగ్గరికెళ్లి, బైబిలు వాక్యమేమో అనుకుని, వేలు పెట్టి చదవబోయింది. నేను పాస్టర్ గారి మాటలు వింటున్నట్టు తల దించుకున్నాను.

ఇప్పుడు కంప్యూటర్ రోజూ బాగానే లేస్తోంది. వేసిన తర్వాత రెండు మూడు క్షణాలు తెర నల్లగా ఉంటుంది. అందులో నా ముఖం కనిపిస్తుంది, నా భుజం పైన గోడ కనిపిస్తుంది. ఆ గోడ మీద నల్లగా ఒక మరక ఉంది. చదివేటప్పుడు ఆయన చేయి ఆనించే చోటది. ఈమధ్య స్టూడియోకు సున్నం వేయించాను, ఆ గోడ ఒక్కటి వద్దన్నాను.